అక్కకు వేసిన గోలీ

పోశం మనిషే కాదని, కట్టుకున్నదానికి ఒక్క గోలీ వేయమంటే మూడు గోలీలు నూరి మింగించాడని, కైలాసం కరీంనగర్ ఆస్పత్రి వరండాలో నిలబడి పదిమందికీ వినబడేలా చెప్పాడు. చిన్నగా చెప్పడం అతనికి చేతకాదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేసి సిరిసిల్ల సాంచాల మధ్యకు వెళ్లినవాడు. నలభై ఏళ్లుగా ఆ మరమగ్గాల మోత మీదుగా మాట్లాడీ మాట్లాడీ, చెవిలో చెప్పాల్సిన మాట కూడా అరిచే చెప్తాడు.

"మూడు! డాక్టర్ ఒకటి రాసిస్తే మూడు! అక్క మూలుగుతుంటే ఈయనకు నిద్ర వడతలేదట. గందుకని ఆమెనే నిద్రవుచ్చిండు!"

పోశం స్టీలు బల్ల చివర మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చున్నాడు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవరులో నాగవ్వ చెప్పులు. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. స్పృహలో లేని మనిషికి చెప్పులెందుకని అతనికి తోచలేదు. లేచాక వేసుకుంటుంది కదా అని పట్టుకొచ్చాడు. ముప్పై ఆరేళ్లు బొగ్గుబాయిలో దిగి ఎక్కిన మనిషి, ఆరడుగులవాడు, ఆ బల్ల మీద పిల్లవాడిలా ముడుచుకుని ఉన్నాడు.

"ఒకటే ఏసిన బామ్మర్దీ," అన్నాడు. "నీ అక్క మీద ఒట్టు."

"నా అక్క మీదెందుకు? నీ మీద పెట్టుకో."

"నా మీద పెట్టుకుంటే నువ్వు నమ్ముతవా?"

"నమ్మ."

"గందుకే."

నాగవ్వ పదిరోజుల కింద సుల్తానాబాద్‌లో తన ఇంటి జాలారులోనే, నీళ్లు పోసుకునే చోట జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఇదే ఆస్పత్రిలో రాడ్డు వేశారు, సోమవారం ఇంటికి పంపారు. నొప్పికి ఆస్పత్రిలో ఇచ్చింది వేరే సూది మందు. ఇంటికి రాసిచ్చింది ఈ గోలీలు, పూటకొకటి. మంగళవారం పగలు అన్నం తిన్నాక పోశం మొదటి గోలీ వేశాడు. కాసేపటికి ఆమె ముక్కు గోక్కోవడం మొదలుపెట్టింది, తర్వాత మాట తడబడింది, మూడున్నరకల్లా ఎంత పిలిచినా పలకలేదు. ఊపిరి ఒకటి తీసుకుంటే రెండోది వస్తుందో రాదో అన్నట్టు ఉంది. ఆస్పత్రిలో ఏదో సూది వేశాక కళ్లు తెరిచింది. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయని, మోతాదు ఎక్కువైనట్టుందని డ్యూటీ డాక్టర్ అన్నాడు. ఆ ఒక్క మాట చాలు కైలాసానికి. బావ చొక్కా జేబులోంచి గోలీల పట్టీ లాగి, వరండాలో అందరికీ ఎత్తి చూపించాడు. పదింటిలో మూడు గుంటలు ఖాళీ.

"ఇగో, చూడుండ్రి. ఇవి ఏడ పోయినయ్?"

"ఒకటి నాగవ్వకు," అన్నాడు పోశం. "రెండు నేనేస్కున్న. నా నడుం నొప్పికి."

"రెండు?"

"రెండు. ఆమెకు ఏసినప్పుడే."

పక్క బల్ల మీద పండు ఒలుచుకుంటూ వింటున్న ఇంకో రోగి తాలూకు మనిషి ఆగలేకపోయాడు. "రెండేస్కున్నోడు గిట్ల గడ్డపారలెక్క కూసుండె, ఒకటి ఏస్కున్నామె ఐసీయూల పండె. గిదేం లెక్క పెద్దమనిషీ?"

వరండా అంతా నవ్వింది. పోశం కూడా నవ్వబోయి, నవ్వకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"నాకేం ఎరుక? నాకైతే దోమ కుట్టినట్టు సుత కాలే. ఈ గోలీ నాకెప్పుడు పనిచెయ్యది. ఒట్టి సున్నపు గోలీ అనుకొనే ఆమెకు ఏసిన."

కైలాసం ఆ పట్టీని తన లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. "ఇది సాచ్చెం," అన్నాడు.

మర్నాడు పొద్దున మత్తు డాక్టరమ్మ మమతారాణి వచ్చేసరికి నాగవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మొహం వాడింది గానీ మాట తిరిగొచ్చింది. తమ్ముడు గడప దాటగానే ఆమె అడిగిన మొదటి మాట, "తమ్మీ, ఏమన్న తిన్నవారా?"

"నా తిండి సంగతి ఇడిశిపెట్టు. నిన్న ఎన్ని గోలీలు మింగినవ్?"

"నాకేం ఎరుక."

"ఎరుకలేకుంటెట్ల అక్కా? మింగింది నువ్వే గదా."

"గోలీలు నాకు గొంతు దిగయిరా. వాంతి వస్తది. మీ బావ బెల్లంల నూరి ముద్ద చేసి పెడ్తడు. కండ్లు మూసుకొని మింగుత. ముద్దల ఎన్నున్నయో నేను ఇప్పి చూస్తనా?" ఆమె గుమ్మం వైపు మెడ సాచింది. "ఆయన ఏడ? చాయ తాగిండా?"

ఆయన గుమ్మం బయటే ఉన్నాడు. కైలాసం లోపలికి రానివ్వలేదు.

మమతారాణి నలభై దాటని మనిషి, తొందర లేని మనిషి. నాగవ్వ చేయి పట్టుకుని నాడి చూస్తూనే కైలాసం ఫిర్యాదు మొత్తం విన్నది. తర్వాత పోశాన్ని కూడా లోపలికి పిలిచి ఏ పూట, ఎన్ని, ఎట్లా అని అడిగింది. పోశం చెప్పిందే చెప్పాడు. నూరి వేస్తే మందు తొందరగా ఎక్కుతుందని, ఇకమీద అట్లా చేయొద్దని ఆమె అన్నది. అయినా దానివల్ల ఇంత కాకూడదని కూడా అన్నది.

"ఒక్కటి వేసినా ఇట్లా అయ్యే మనుషులుంటరు కైలాసం గారూ. ఈ గోలీ మింగంగనే పనిచెయ్యదు. కడుపులోకి పోయినంక లివర్ దాన్ని మార్చాలె. మారినంకనే అది నొప్పిని పట్టే అసలు మందు అయితది. ఆ మార్చే పని ఎంత వేగంగ జరగాల్నో మనిషి పుట్టుకతోనే వస్తది, తల్లిదండ్రుల నుంచి. మీరేం పని చేస్తరు?"

"సాంచాలు నడుపుత."

"అయితే మీకే బాగ తెలుస్తది. సాంచకు దారం ఎక్కిస్తే బట్ట ఎట్ల..."

"దారం కాదమ్మా, నిలువు పోగులు చుట్టిన భీము ఎక్కిస్తం. అడ్డం పోయే దారం కండెది."

"సరే, భీము. అన్ని సాంచాలకు ఒకటే భీము ఎక్కిస్తే అన్నీ ఒకటే తీరు నేస్తయా?"

"ఎందుకు నేస్తయి? నా నాలుగిట్ల ఒకటి పిచ్చిది. మిగిలినయి పది మీటర్లు దించేలోపల అది పదిహేను దించుతది."

"మీ అక్క లివర్ ఆ పిచ్చి సాంచ. ఒక్క గోలీని క్షణంల మొత్తం మందు చేసి పారేసింది. అంత మందు ఒక్కసారి నెత్తికెక్కితే ఊపిరి తీసుకునుడే మర్చిపోతది శరీరం. ఇంకొందరికి ఆ సాంచ అసలే నడవది. వాళ్లు ఎన్ని మింగినా సున్నపు గోలీ మింగినట్టే."

పోశం తల ఎత్తాడు. ఆ మాట తనదే.

కైలాసం మాత్రం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అసొంటోళ్లు ఎంతమంది ఉంటరమ్మా?"

"మీ అక్క లాంటివాళ్లు వందలో ఒకరో ఇద్దరో. పోశం గారు చెప్పేది నిజమైతే అట్లాంటివాళ్లు కూడా వందలో ఇద్దరో ముగ్గురో."

"ఆహా. మొగనికి ఎన్నేసినా ఎక్కది. పెండ్లానికి ఒకటేస్తే పానం మీదికొస్తది. వందల ఒకడు, వందల ఒకతి. ఒకల్లనొకలు ఎతుక్కొని మరీ పెండ్లి చేసుకున్నరా డాక్టరమ్మా?"

మమతారాణికి నవ్వొచ్చింది. "చేసుకున్నరేమో. నలభై ఏళ్లయింది గద, వాళ్లనే అడుగుండ్రి. రక్తం పరీక్ష ఉన్నది. హైదరాబాద్ పంపాలె, రెండు మూడు వారాలు పడ్తది, ఖర్చు ఎక్కువ. చేయించకపోయినా ఏం కాదు. ఈమెకు ఈ మందు జన్మల ఇయ్యొద్దని రాసిస్త. నొప్పికి వేరే రకం గోలీలు రాస్త." వెళ్తూ వెళ్తూ ఆగింది. "మీది కూడా అదే రక్తం. మీరు గూడ ఈ గోలీ ముట్టకుండ్రి."

కైలాసం తలూపాడు, బస్సులో వెనక్కి జరగమని కండక్టర్ అంటే జరగకుండానే ఊపినట్టు. చదువుకున్నవాళ్లు చదువుకున్న మాటలతో తప్పు చేసినవాణ్ని దాటిస్తారని అతనికి ఎప్పటినుంచో నమ్మకం. గురువారం డిశ్చార్జి రాయగానే కారు మాట్లాడి, అక్కను సుల్తానాబాద్ దారి పట్టనీయకుండా తన ఇంటికి సిరిసిల్లకు తీసుకుపోయాడు.

"ఆయన?" అంది నాగవ్వ కారులో.

"ఆయన చేతికి నిన్ను మల్ల ఇచ్చుడు ఉండది."

"ఇచ్చుడేందిరా, నేనేమన్న చెంబునా?"

కైలాసం గుంత వచ్చినప్పుడల్లా అక్క కాలు కింద తన అరచేయి పెట్టి పట్టుకున్నాడు. సిరిసిల్ల దాకా ఆ చేయి తీయలేదు.

ఆ సాయంత్రమే కులసంఘం గదికి పోయి పెద్దమనిషి రాజేశాన్ని కలిశాడు. అక్కను బావ నుంచి తప్పించి తన దగ్గరే ఉంచుకునేట్టు తీర్పు కావాలన్నాడు. పంచాయితీ పెట్టాలంటే ఇరుపక్షాలూ ముందుగా ధరావతు కట్టాలి. మాట అబద్ధమని తేలినవాళ్ల ధరావతు సంఘానికి జప్తవుతుంది, రెండోవాళ్లది వాళ్లకు తిరిగొస్తుంది. కైలాసం తను పనిచేసే సాంచాల ఆసామి దగ్గర అడిగి తెచ్చి కట్టాడు. పోశానికి ఫోన్ పోయింది. అతను మారుమాట అనకుండా మర్నాడు మొదటి బస్సుకే వచ్చి కట్టాడు. ఆదివారం పొద్దున కూర్చోవాలని రాజేశం చెప్పాడు.

ధరావతు కట్టిన ఆ శుక్రవారం పొద్దునే, తొమ్మిదింటికి వీధి చివర ఒక ప్లాస్టిక్ కుర్చీ నడిచొస్తున్నట్టు కనబడింది. దగ్గరికొచ్చాక దాని కింద పోశం ఉన్నాడు. నాగవ్వ ఇక కింద కూర్చోలేదు. ఆరు నెలలు కూర్చోవద్దన్నారు. అందుకని దొడ్డికి కూర్చునేందుకు అతను కుర్చీ నడుమ రంపంతో గుండ్రంగా కోసి, కోసిన అంచు గీసుకోకుండా పాత సైకిల్ ట్యూబు చుట్టి, ట్యూబు జారకుండా సన్నని తీగతో కుట్టి తెచ్చాడు. బాయిలో కేబుళ్లకు కట్టే ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్, అక్కణ్నుంచి సిరిసిల్ల, రెండు బస్సులు. రెండింట్లోనూ కుర్చీకి టికెట్ కొట్టాలా వద్దా అని తగువు జరిగిందట.

"కుర్చీ అక్కడ పెట్టి పో," అన్నాడు కైలాసం గుమ్మంలో నిలబడి.

"ఎత్తు సరిపోయిందో లేదో ఒకసారి కూసుండవెట్టి చూస్త. పొట్టిగుంటే కాళ్లకు చెక్కలు కొడ్త."

"నేను చూస్కుంట."

పోశం కుర్చీ అక్కడ పెట్టాడు. పోలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. కైలాసం భార్య జమున మొగుడి వైపు ఒక చూపు చూసి, గ్లాసులో చాయ పోసుకుని వీధి దాటి వెళ్లి ఇచ్చొచ్చింది. "తాగు అన్నా. ఈయన కోపం ఈయనది, నా చాయ నాది."

లోపల నాగవ్వ కుర్చీ మీద కూర్చుని చూసింది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. ట్యూబు మీద చేత్తో నిమిరింది. వీధిలోంచి దగ్గు వినబడింది.

"ఆయననా?"

"కాదు. ఎవడో," అన్నాడు కైలాసం.

"ఎవడో అయితే గిట్ల దగ్గడు. అది బొగ్గు దగ్గు. నలభై ఏండ్ల సంది నా చెవి పక్కన దగ్గిన దగ్గు నాకెరుకలేదా?" ఆమె తమ్ముడి మొహంలోకి చూసింది. "కైలాసం, ఐతారం పెద్దమనుషులు ఏం చెప్తరో నాకు ఎరుకలేదు. నేను మాత్రం ఆయన కాడికే పోత. మూడు ఏసినా పోత."

"మూడేసినా?"

"ఏసిండంటలేను. ఏసినా పోత అంటున్న."

కైలాసం చేతిలోని చెంబు కింద పెట్టి బయటికి నడిచాడు. ఎవరి ప్రాణం కోసం అప్పుతెచ్చి ధరావతు కట్టాడో ఆ మనిషే ఇలా అంటే ఎవరికి చెప్పుకోవాలి? ఆస్పత్రితో కలిపి మూడు రోజులుగా అక్కను ఎత్తడం, దించడం, పక్క మార్చడం అతని పనే. కుడి భుజం మంటెత్తుతోంది. ఆ చేత్తోనే నాలుగు సాంచాలు చూడాలి. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో కండె అయిపోతే తీయాలి, కొత్త కండె పెట్టాలి, తెగిన పోగు ముడేయాలి, మళ్లీ పక్క సాంచ దగ్గరికి పరుగెత్తాలి. అన్నం తిని కార్ఖానాకు బయల్దేరుతూ లోపలి జేబు తడుముకున్నాడు. పట్టీ చేతికి తగిలింది. నొప్పి గోలీలే కదా. బావ రెండేసుకుని దోమ కుట్టినట్టు కూడా లేదన్నాడు. నేను ఒకటి వేసుకుంటే ఏమవుతుంది? డాక్టరమ్మ మాట గుర్తు రాకపోలేదు. వచ్చింది, వచ్చిన దారినే పోయింది. సాక్ష్యంలోంచి ఒక గోలీ చిదిమి నోట్లో వేసుకుని చెంబెడు నీళ్లు తాగాడు.

అరగంటకు భుజం నొప్పి పోయింది. పోవడమంటే మామూలుగా కాదు, భుజమే అతనిది కానట్టు పోయింది. హాయిగా ఉందనుకున్నాడు. ముక్కు దురద పుట్టింది, గోక్కున్నాడు. మళ్లీ గోక్కున్నాడు. తర్వాత ఒక వింత జరిగింది. సాంచాల మోత తగ్గింది. నలభై ఏళ్లలో నిద్రలో కూడా తగ్గని మోత, ఎవరో తలుపు దగ్గరికి వేసినట్టు దూరమైంది. పిచ్చి సాంచలో నాడె అటూ ఇటూ పోతూంటే ఒక్కోసారీ దాన్ని కళ్లతో చూడగలుగుతున్నాడు. నాడె కంటికి ఆనడమేమిటి? ఇదేదో బాగాలేదని అతనికి అర్థమైంది గానీ, ఆ అర్థమైన సంగతి కూడా చాలా దూరంలో, వేరే ఎవరికో అర్థమైనట్టుంది. దించిన గుడ్డ తానుల మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఒరిగిపోయాడు. పిచ్చి సాంచలో నాడె ఇరుక్కుంది. వందల పోగులు ఒక్కసారి తెగాయి. ఆపేవాడు లేక సాంచ ఆ తెగిన పోగుల్ని నములుతూనే ఉంది.

పక్క వరుసలోని మనిషి పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి జమునకు చెప్పాడు. "కైలాసమన్న తాగి పడ్డడు." "ఆయన పగటిపూట తాగడు," అంటూ జమున చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. అరుగు మీంచి పోశం కూడా లేచాడు. అరవై ఐదేళ్ల మనిషి ఆమెకంటే ముందు కార్ఖానా చేరాడు. పడి ఉన్న బామ్మర్ది చేయి నిద్రలోనే ముక్కు మీదికి పోవడం చూశాడు. వంగి అతని కంటి రెప్ప ఎత్తాడు.

"తాగుడు కాదు," అన్నాడు. "జమునా, ఆటో పిలువు. జల్ది. ఆవగింజ."

ఏమిటా ఆవగింజ అని జమున అడగలేదు. వీధిలోకి పరుగెత్తింది. పోశం బామ్మర్ది చంకల్లో చేతులు పెట్టి లేపి నిలబెట్టాడు. చెంపమీద ఒకటి కొట్టాడు. కైలాసం ఒక కన్ను తెరిచాడు.

"బావా, నువ్వెప్పుడు వచ్చినవ్?"

"మీ అక్క పెండ్లినాడు వచ్చిన, ఇంక పోలే. నడువ్."

"జర కూసుంట. నిద్రొస్తుంది."

"కూసుంటే సస్తవ్. నడువ్! నా మీద పంచాయితీ పెట్టినోనివి, ఐతారం దాకనన్న బతుకు. నా ధరావతు ఎవనయ్య ఇస్తడు?"

ఆటో వచ్చేదాకా కార్ఖానా ముందు వాకిట్లో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిపించాడు. కైలాసం కాళ్లు బట్ట కాళ్లలా ఈడ్చుకుపోతున్నాయి. తల వాలినప్పుడల్లా పోశం చెవి పట్టి గుంజాడు.

"మాట్లాడు. నోరు ముయ్యకు. నన్ను తిట్టు."

"ఏమని... తిట్టాలె?"

"ఆస్పత్రి వరండల తిట్టినట్టు తిట్టు. జోర్దార్ తిట్టినవ్ గద ఆనాడు."

"మా అక్కకు... గోలీలు..."

"ఎన్ని?"

"మూడు..."

"గట్టిగ చెప్పు, వినస్తలేదు!"

"మూడు!"

"శాబాష్. మరి నువ్వెన్ని మింగినవ్ ఇప్పుడు?"

కైలాసం కాళ్లు ఆగాయి. పోశం చేతుల మీద వేలాడుతూనే ఆలోచించాడు. మాటలు ఒక్కొక్కటి బావిలోంచి చేదినట్టు వచ్చాయి.

"ఒకటి."

"ఒకటే?"

"ఒకటే బావా. నీ మీద ఒట్టు."

"నమ్మిన," అన్నాడు పోశం. "నడువ్."

ప్రభుత్వ దవాఖానాలో ముక్కుకు గాలి గొట్టం పెట్టి పొద్దుగూకేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. నాగవ్వకు ఇచ్చిన సూది ఇతనికి అవసరం పడలేదు. మనిషి దిటవైనవాడు కావడం వల్ల, నడిపించడం వల్ల గండం గడిచిందని అన్నారు. రెండుసార్లు వాంతి అయింది. రెండుసార్లూ పోశమే డబ్బా పట్టాడు. ఇంటికొచ్చేసరికి నాగవ్వ మంచంలో లేచి కూర్చుని, కోసిన కుర్చీ చేయి పట్టుకుని నిలబడాలని చూస్తోంది.

"కూసో, కూసో," అని పోశం ఉరికాడు. ఆ ఇంటి గడప లోపలికి రెండురోజుల్లో అదే మొదటిసారి రావడం. ఎవరూ వద్దనలేదు. వద్దనేవాడు గోడకు చేరగిలబడి నేలచూపులు చూస్తున్నాడు.

"వీడు సుత మింగిండా?" అంది నాగవ్వ.

"మింగిండు."

"ఎన్ని?"

పోశం బామ్మర్ది వైపు చూశాడు. ఆ జవాబు అతన్నే చెప్పనిచ్చాడు.

శనివారం కైలాసం మమతారాణికి ఫోన్ చేశాడు. జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు. ఆమె కోప్పడలేదు. అక్కాతమ్ముళ్లలో ఒకరికి ఉంటే రెండోవాళ్లకూ ఉండటం వింత కాదని, ఇద్దరి పేర్లా చీటీలు రాసి ఉంచుతానని, ఏ ఆస్పత్రికి పోయినా ముందు ఆ చీటీ చూపించాలని చెప్పింది. "పోశం గారిని కూడా ఒకసారి రమ్మనుండ్రి," అంది. "పాపం, ఆయన నడుం నొప్పికి ఇన్నేండ్ల సంది పనిచెయ్యని మందే మింగుతున్నట్టుంది." ఫోన్ పెట్టేశాక కైలాసం జమునకు అదే చెప్పాడు. తను అబద్ధమని నవ్విన ఆ రెండు గోలీల సంగతి, అవతలి మనిషి నొప్పి తగ్గకపోతే కూడా గమ్మున భరించిన సంగతి.

ఐతారం పొద్దున కులసంఘం గదిలో జంపఖానా పరిచారు. రాజేశం గోడకు ఆనుకుని కూర్చున్నాడు, అటూ ఇటూ ఇద్దరు పెద్దలు. పోశం ఉతికిన తెల్ల చొక్కా వేసుకొచ్చి, ఒక వారకు కూర్చున్నాడు. వీధి మొత్తానికి శుక్రవారం సంగతి తెలుసు. అయినా పంచాయితీ పంచాయితీయే, ఫిర్యాదు పెట్టినవాడు నోరు విప్పాలి.

కైలాసం లేచి నిలబడ్డాడు. లోపలి జేబులోంచి పట్టీ తీసి రాజేశం ముందు పెట్టాడు.

"నాలుగు గుంటలు ఖాళీ ఉన్నయ్. ఒకటి మా అక్కకు. రెండు మా బావ ఏస్కున్నడు. నాలుగోది నేను మింగిన. మా బావ చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను పెట్టిన మాట తప్పు."

 రాజేశం పట్టీని వేలితో తిప్పి చూశాడు. మంచివాడు, మెత్తనివాడు. "తమ్మీ, అక్క మీది పానంతోని అన్నవ్. కావాల్నని అన్నది కాదు. ఇద్దరు ఒక్కటైన్రు. ఎవల ధరావతు వాళ్లకు ఇచ్చేస్తం, పొండ్రి."

"గంతే చెయ్యి రాజేశమన్నా," అన్నాడు పోశం వారనుంచి. "నాకేం పంచాయితీ లేదు."

"ఆగు బావా." కైలాసం గొంతు మళ్లీ పాత గొంతయింది, కిటికీ బయట నిలబడ్డవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. "రాజేశమన్నా, ఒక్క మాట అడుగుత. నా మాట నిలబడితే మా బావ పైసలు జప్తు చేద్దువా లేదా?"

"చేద్దుం. కట్టుబాటు గదా."

"మరి నాయి ఎందుకు ఇడుస్తవ్? పదిమందిల నిలవడి ఒక మనిషిని పెండ్లాన్ని చంపవోయినోడన్న. ఆయన ఐదు దినాలు ఆ మాట మోసిండు. ఇయ్యాల తప్పయిందంటే అయిపోతదా? ఊకె ఇడిశిపెడితే రేపు నేనే ఇంకోన్ని అంట. నా నోరు నాకెరుక. జప్తు చెయ్యి."

రాజేశం పోశం వైపు చూశాడు. పోశం బామ్మర్ది మొహం చూసి సరేనని తలూపాడు. పెద్దలు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. తర్వాత రాజేశం బీరువా తాళం తీశాడు.

మధ్యాహ్నం కారు వచ్చింది. నాగవ్వను ముందు సీట్లో, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, కాలు చాపి కూర్చోబెట్టారు. కుర్చీని డిక్కీలో పెడితే మూత పడలేదు. పోశం దాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. జమున సద్దుల మూట ఇచ్చింది. నాగవ్వ కిటికీలోంచి చేయి చాపి తమ్ముడి భుజం పట్టి నొక్కి చూసింది.

"ఇంక నొస్తుందా?"

"నొస్తది."

"నూనె రాపిచ్చుకో. కోపం తగ్గిచ్చుకో. రెండు తగ్గుతయ్."

పోశం కుర్చీ మధ్య గుండ్రంగా కోసిన కంతలోంచి మొహం పెట్టి చూశాడు. "బామ్మర్దీ, వచ్చే ఐతారం సుల్తానాబాద్ రా. కోడిని కోస్త. తిన్నంక బెల్లంల నూరి ఒక గోలీ పెడ్త."

"నీ అయ్య..." అన్నాడు కైలాసం. నవ్వు ఆపుకోలేక తిట్టు సగంలోనే తెగిపోయింది.

కారు మలుపు తిరిగేదాకా నిలబడి, అతను కార్ఖానాకు నడిచాడు. ఐతారమైనా తెగిన పోగులు ముడేయాలి, అవి సోమవారం దాకా ఆగవు. ఆసామి గుమ్మంలోనే చెడిన గుడ్డ లెక్క చీటీ చేతిలో పెట్టాడు. పదమూడు వందల నలభై, ఈ వారం కూలిలో కోత. సంఘానికి జప్తయిన ధరావతు పదివేలు. రెండూ కలిపి కైలాసానికి పోయినవి పదకొండు వేల మూడు వందల నలభై రూపాయలు.